రెండు పుల్లలు

ఈ పనిముట్టుకి అసలు పేరు బారెడుంది.
మేం పుల్లలనే అంటాం,
అన్నం తినే పుల్లల్లాగే ఉంటాయి గనక.
ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
పొట్టిది కణాల పైన, పొడుగుది కణాల కింద,
నడుమ కంటికి ఆనని ఒక చాప.

చాప అంటున్నాను, మరో మాట దొరక్క.
ఎప్పుడో చచ్చిపోయిన ఒక కుక్క
మూత్రపిండంలోంచి తీసిన కణాలివి.
కుక్క పోయి అరవై ఏళ్లు దాటింది.
దాని కణాలు మాత్రం ఇంకా
గిన్నె అడుగున ఒకదాని పక్కన ఒకటి చేరి
చేతులు పట్టుకుని నిలబడతాయి.
ఆ పట్టుకి బిగువు కాల్షియం.
నీటినీ ఉప్పునీ ఊరూ పేరూ అడిగిగానీ వదలవు.
మీటరులో అంకె ఎంత పెద్దదైతే
పట్టు అంత గట్టిదని లెక్క.

సోమవారం పొద్దున, తొమ్మిది వందల ఇరవై.

అప్పుడు కాడ్మియం పోశాను.
ఆవగింజలో వెయ్యో వంతు కూడా ఉండదు.
నీళ్లలో కలిస్తే నీళ్లే.
కాల్షియంతో ఇంచుమించు ఒకే ఒడ్డు, ఒకే పొడుగు.
చేతుల మధ్య ఆ కాస్త చోటులో
అది వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నానికి ఏడు వందల పది.
మంగళవారం, నాలుగు వందలకి అటూ ఇటూ.
చాప కింద నీరు చేరుతోంది,
మాటవరసకి కాదు, నిజంగానే.

సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్క కణమూ చావలేదు.
చచ్చి ఉంటే రాసుకునేదాన్ని, ఇన్ని అని.
బతికే ఉన్నాయి,
చేతులు మాత్రం వదిలేశాయి.

మా నాయనమ్మ పేరు కియోనో.
జింజూ నది నీళ్లతో పండేది మా మడి.
ఎగువన కొండల్లో గని.
కాలవలోకి తెల్లటి నీళ్లొచ్చేవట,
బియ్యం కడిగి పారబోసినట్టు.
ఆ నీళ్లే మడికి, కుండకి.
ఆరుగురిని కంది ఆ నీళ్లు తాగే.
మూత్రపిండాలు పట్టు తప్పాక
వంట్లో సున్నం ఏ రోజుకారోజు కారిపోతుంటే
ఎముకలు ఆ అప్పు తీరుస్తూ వచ్చాయి.
ఏ జన్మ పాపమో అన్నారు ఇరుగుపొరుగు.
తుమ్మితే పక్కటెముక విరిగింది.
దుప్పటి కప్పినా అరిచేది:
ఇతాయి, ఇతాయి.

నొప్పి, నొప్పి అని.
ఆ అరుపునే జబ్బుకి పేరు పెట్టారు.
డాక్టర్లకి అంతకన్నా సరైన మాట తోచలేదు.
నాలుగేళ్ల నేను
అది ఆమె పేరే అనుకున్నాను.
ఇతాయి నాయనమ్మా, అని పిలిచేదాన్ని.
ఎవరూ దిద్దలేదు.
ఆమె కూడా దిద్దలేదు, పలికేది.

ఆమెకి అన్నం తినిపించడం నా పని.
రెండు పుల్లలతో, పిట్టకి పెట్టినట్టు కొంచెం కొంచెం.
మా మడి బియ్యమే.
ఇంకొంచెం తిను, అనేదాన్ని.
తినేది.

దహనం అయ్యాక మా వైపు ఒక ఆనవాయితీ.
ఇంటివాళ్లంతా పుల్లలు పట్టుకుని
ఎముకల్ని ఒక్కొక్కటే ఏరి కూజాలో వేస్తారు,
కాళ్లతో మొదలుపెట్టి,
లోపల మనిషి తలకిందులు కాకుండా.
నాకూ ఒక జత ఇచ్చారు.
పట్టుకుంటే పొడైంది.
ఇంకొకటి పట్టుకున్నాను, అదీ.
చిన్నాన్న చివరికి
ఒక చిన్న చీపురు తెచ్చాడు.

బుధవారం కాల్షియం తిరిగి పోశాను.
హయతె, నా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు,
లేచిందా? అన్నాడు భుజం మీదుగా తొంగి చూస్తూ.
కొంచెం లేచింది.
ఎంతో ఇప్పుడే చెప్పను,
ఇంకా మూడుసార్లు కొలవాలి.
వచ్చే మార్చిలో నా రిటైర్మెంటు.

పుల్లల్ని స్పిరిట్‌లో ముంచి
తెల్లటి గుడ్డ మీద ఆరబెట్టాను,
ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
డబ్బా తెరిస్తే మధ్యాహ్నం అన్నం చల్లారిపోయింది.
ఎక్కడి బియ్యమో సంచి మీద రాసే ఉంటుంది.
చదివాకే కొంటాను.