అప్పుల పుస్తకం వెనకవైపు

ముందు నుంచి తెరిస్తే
కొండ మీదివాళ్ళ బాకీలు.
దోన్యా ఉల్దా, ఆరు రొట్టెలు.
వీధి దీపాల ఒర్లాందో, రెండు నెలలుగా "రేపిస్తా."
వెనక నుంచి తెరిస్తే
నా నెత్తురు.

వల్పరైసోలో మా పొయ్యి
తెల్లారుజామున మూడింటికి కళ్ళు తెరుస్తుంది.
నలభై ఏళ్ళు దాని ముందు కాలి కాలి
నా వేళ్ళు చెప్పుతోలయ్యాయి.
సూది గుచ్చితే చుక్క రాదు.
నర్సు యాస్నా నవ్వింది:
"ఎలియేసెర్, నీకు సూది చాలదు, మేకు కావాలి."
చిటికెన వేలి పక్కన మెత్తటి చోటు ఆమే చూపించింది.
అక్కడ మాత్రం నేనింకా పసివాణ్ణి.

రొట్టె మానెయ్యమంది.
ఎవరితో, రొట్టెలు కాల్చేవాడితో!
ముందు నేరం రుజువు కానీ అన్నాను.
మొదటివారం మర్రకేతా మొత్తం,
నాలుగు తునకలూ, వెన్నతో.
రెండు గంటలాగి గుచ్చుకున్నాను:
రెండొందల నలభై ఒకటి.
"నీ వేలితో నీ కన్నే పొడుచుకుంటున్నావు" అంది యాస్నా.
పొడవనీ,
వేలూ నాదే, కన్నూ నాదే.

తర్వాతి వారం రెండు తునకలు.
ఆ పై వారం చిక్కుడు గింజలు ముందు, రొట్టె వెనక.
నాలుగో వారం మళ్ళీ నాలుగు తునకలూ తిని
నూట ఇరవై తొమ్మిది మెట్లెక్కి
ఉల్దా రొట్టెలు ఉల్దా గుమ్మంలో పెట్టొచ్చాను.
నూట అరవై ఎనిమిది.
నమ్మలేదు.
మర్నాడూ ఎక్కాను. నూట డెబ్భై నాలుగు.
మూడోనాడు వాన, మెట్లన్నీ జారుడు, ఎక్కలేదు.
రెండొందల ముప్పై.
ఆ వానకి బాకీపడ్డాను,
అది కురవకపోతే రుజువు సగమే.

పిండి కొద్దీ రొట్టె అనుకుంటూ బతికినవాణ్ణి,
మెట్ల కొద్దీ కూడానని
అరవయ్యో ఏట తెలిసింది.

ఒక్క రోజు మాత్రం లెక్క తిరగబడింది.
రాత్రి మెతుకు ముట్టలేదు.
పొద్దున్నే రెండొందల పది.
సూది కొత్తదే. చేతులు కడిగాను,
పంచదార అంటిన వేలు అబద్ధమాడుతుందని
ఇదివరకే ఒకసారి పట్టుకున్నాను.
గడులన్నీ వెతికాను. రొట్టె గడి ఖాళీ.
అప్పుడు గుర్తొచ్చింది.
ఇరవై రెండేళ్ళు పొయ్యికి అటువైపు నిలబడ్డ త్రాన్సితో
ముందురోజు సాయంత్రం ఏప్రన్ విప్పుతూ
"నా వాటా అమ్మేస్తున్నా" అన్నాడు.
రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకున్నాను.
నిద్రకి నేను గడి గీయలేదు.
త్రాన్సితోకి అసలే గీయలేదు.

మధ్యాహ్నం స్కేలు పెట్టి కొత్త గడి గీశాను.
పైన ఏం రాయాలో తోచలేదు.
గుండె బరువెక్కిన రోజు
అందులో ఒక చుక్క పెడతాను, అంతే.
ఈ నెల నాలుగు.

ఇప్పుడు ముందు నుంచి బాకీలూ
వెనక నుంచి నెత్తురూ నడిచొచ్చి
మధ్యలో ఒక్క కాగితం మిగిలింది.
నిన్న మెట్ల పైన ఆయాసపడుతుంటే
ఉల్దా చిల్లర బదులు వేలు చాపింది:
"నాదీ ఎంతో చూడవయ్యా."
కొత్త సూది వేశాను.
ఎంత సులువుగా వచ్చిందో ఆమె చుక్క!
కిందికొచ్చి ఆ కాగితం మీద రాశాను:
ఉల్దా, నూట పద్దెనిమిది.
దాని కిందే
ఆరు రొట్టెల బాకీ కొట్టేశాను.