మూతగిన్నె

పదహారేండ్లు
బల్ల రొట్టె నేనే చేసిన.
నెల మొదటి ఆదివారం, కోడి కూయకముందే లేచి
గోధుమపిండి జల్లించి, ఉప్పెయ్యకుండ, పులవనియ్యకుండ
పెనం మీద మచ్చ పడకుండ కాల్చి
తెల్లబట్టల చుట్టి
దేవరకద్ర స్టేషన్ ఎనకున్న మా గుడికి
చంకల పెట్టుకొని పోయేదాన్ని
పసిపిల్లను తీస్కపోయినట్టు.

ఆ రొట్టెనే నన్ను తింటున్నదని
పట్నం డాక్టరు చెప్పిండు.
పేగుల లోపలి నూగంత రాలిపోయిందట.
గోధుమ ఇగ ముట్టొద్దు, మైద, రవ్వ, బిస్కెట్టు,
పిండి రేణువు సుత లోపలికి పోవద్దు.
యవలో సారూ? అని అడిగిన.
అవీ వద్దన్నడు.
అంటే ఆ పిలగాడు తెచ్చిన అయిదు రొట్టెల్ల
నాకు ఒక్క తునక రాదు.
రెండు చేపలు మిగిలినయి.
నవ్వొచ్చింది. బస్సెక్కినంక ఏడుపొచ్చింది.

ఆ నెల పళ్లెం నా ముందుకొచ్చింది.
పక్కకు జరిపిన.
చిన్న కప్పుల ద్రాక్షరసం మాత్రం తాగిన.
ఎనక వరుసల గుసగుస లేచింది.
బల్ల తీసుకోలేదంటే ఏదో తప్పు చేసినట్టే గద,
మొగనితోని కొట్లాడిందో, చీటి పైసలు ఎగ్గొట్టిందో.
యోగ్యత లేక తింటే శిక్ష అని అయ్యగారు చెప్తుంటే
నా కడుపు సంగతి నాకే తెలుసు.
యోగ్యత ఉండి తిన్నా
నాకు మూడు రోజులు శిక్షనే.

మూడు నెలలు ఓర్చుకొని
బర్నబాసు అయ్యగారికి చెప్పిన.
ఆయన తల గోక్కున్నడు. కమిటీ కూసున్నది.
జొన్నరొట్టె తెచ్చుకుంట అన్న.
పెద్ద సొలొమోను లేచి,
"ఇంటి తిండి తెచ్చి దేవుని బల్ల మీద పెడ్తమా" అన్నడు.
ఎవరింటి తిండి పెద్దయ్యా?
మన రేగడిల గోధుమ ఎన్నడన్న మొలిచిందా?
మీ అవ్వ, మా అవ్వ దొరల చేన్ల కంకులు కోసి
కూలికి తెచ్చిన జొన్నలే గద,
బాప్తిస్మం తీసుకొని తడిబట్టలతోని ఇంటికొచ్చినోళ్లకు
ఆ రాత్రి పెట్టింది?
అంత మాట అననైతిని. లోపల్నే అనుకున్న.
పైకి మాత్రం, "పులవదయ్యా అది,
ఎంతసేపు ఉంచినా పొంగదు" అన్న.
ఆ మాటకు ఒప్పుకున్నరు.

రొట్టె చేసే పని కేజియాకు అప్పజెప్పిన.
నా జొన్నముక్క స్టీలు మూతగిన్నెల, వేరే.
అయ్యగారు ముందుగాల సబ్బుతోని చేతులు కడుక్కొని
నాది విరిచి పెట్టి
అటెన్కనే పెద్ద పళ్లెం ముట్టిండు.
గోధుమది వంగినట్టు జొన్నది వంగదు,
పెళ్లలు పెళ్లలుగ విరుగుతది,
పొడి దోసిట్ల పట్టుకోవాలె.
ఇన్ని నెలలకు నా నోట్లె పడ్డది.
పెనం వాసన. కొంచెం మాడు.

అప్పుడే పక్కనున్న సమాధానమ్మ
(గుసగుస మొదలువెట్టింది ఆమెనే)
చెయ్యి చాపింది.
"ఇంత పెట్టవే, మా అమ్మ చేతి వాసనొస్తున్నది."
ఆమె వేళ్లకు అప్పటికే గోధుమ పొడి.
గిన్నె ఎనక్కి గుంజుకున్న.
తునక తుంచి, తగలకుండ
పైనుంచి ఆమె దోసిట్ల ఏసిన.

ఏసినంక గుర్తొచ్చింది.
మా తాతకు దొరోళ్ల బాయికాడ
ఇట్లనే పైనుంచి పోసేటోళ్లట నీళ్లు.
సమాధానమ్మ దోసిలి సుత
ఎవరూ చెప్పకుండనే
అట్లనే ఒంగింది.

జొన్నముక్క గొంతుల దిగలే.

కీర్తన రెండో చరణం నడుస్తుంటె
ఆమె మోచెయ్యి పట్టి నల్లాకాడికి తీస్కపోయిన.
సబ్బు అరిగి పేరు పోయింది.
ఆమె చేతులు నేనే తోమిన, గోర్ల సందులు సుత.
"నాకేం మురికున్నదే" అని గులిగింది.
మురికి కాదవ్వా, గోధుమ, అన్న.
తడిచేతుల్లనే మిగిలిన ముక్క పెట్టిన.
ఈసారి నా వేళ్లు ఆమె అరచేతికి ఆనినయి.
లోపల ముగింపు ప్రార్థన అయిపోతున్నది.
పండ్లు లేవు పాపం, నములుతనే ఉన్నది,
నములుకుంటనే
"ఉప్పేసుడు మరిచినవే" అన్నది.