బెత్తెడు

ఎల్కోలో నవంబరు. నాలుగింటికే పొద్దు వాలిపోతుంది.
మైతే ఎచెవెర్రీ నా కొట్టు తలుపు భుజంతో తోసుకొచ్చింది,
రెండు చేతులూ ఖాళీగానే ఉన్నా.
ఇరవయ్యేళ్లు క్వార్టర్ల సంచులు మోసిన అలవాటు.

మూలమీది లాండ్రీ ఆమెది.
పద్నాలుగు మిషన్లు, ఆరు డ్రయ్యర్లు.
రాత్రి పదకొండుకి డబ్బాలు విప్పి
చిల్లరంతా బ్యాంకు గోడపెట్టెలో వేసి రావాలి.
దారిలో రెండు సందులు, వెలగని దీపస్తంభం ఒకటి.
"కోటు లోపల ఇమడాలి" అంది.
"ఎడమచేతిలో సంచి ఉంటుంది."

రెండంగుళాలది ముందు చేతికిచ్చాను.
జేబులో వేసుకుంటే తాళాలగుత్తి పాటి గోలైనా చేయదు.
కానీ పొట్టి గొట్టానికి కోపమెక్కువ,
మంట మొహం మీదికొస్తుంది,
మణికట్టు మీద విసుగు తీర్చుకుంటుంది.
ముందు గురికీ వెనక గాడికీ మధ్య చోటు లేదు,
ఇక్కడ చేయి నువ్వుగింజంత వణికితే
అక్కడ గుమ్మడికాయంత తప్పు.

నాలుగంగుళాలది నిజాయితీపరురాలు.
చెప్పిన చోటే కొడుతుంది.
కూచుంటే మాత్రం పొట్టలో పొడుస్తుంది,
నిలబడితే కోటు కింద నేనున్నానని చాటుతుంది.
వెనక గురికి మరలున్నాయి, ఎత్తూ పక్కా సరిచేసుకోవచ్చు,
సరిగ్గా ఆ మూలలే
జేబుగుడ్డని పంటితో పట్టుకుంటాయి.

మిగిలింది మూడు.
సబ్బునీళ్లకి పగిలిన నాలుగు వేళ్లు
గొట్టం మీద ఆనించి కొలిచింది. బెత్తెడు.
"ఈ ఒక్క అంగుళం ఏం చేస్తుంది?"
కాల్చిన డొల్లల్ని చివరిదాకా నెట్టే కడ్డీకి చోటిస్తుంది, అన్నాను.
చేతికి కాస్త నిదానం కూడా ఇస్తుందని
ఇంటికెళ్లి బూట్లు విప్పుతుంటే తట్టింది.

దీని వెనక గాడి ఇనుములోనే కోసింది,
ఊడదు, కదలదు, దేన్నీ పట్టుకోదు.
ముందు గురి ఒట్టి నలుపు.
అరవై ఒకటో ఏటి కళ్లతో, ఆ సందులో
బొగ్గుల బస్తాలో బొగ్గు వెతుక్కోవడమే.
చీకట్లో వెలిగే చుక్క ఉన్నది తెప్పించగలను, ధర చెప్పాను.
ఆమె చేతిసంచి అడుగంటా వెతికి
గోళ్లరంగు సీసా తీసింది. నారింజ.
"ఇది చాలదా?"
చాలుతుంది.
నేనే రెండు పూతలు పూసి దీపం కింద ఆరబెట్టాను.

ఆరేలోగా, గోడ మీది కాగితం చూపించి
అందరికీ చెప్పే పాఠమే చెప్పాను:
కన్ను ముందు గురి మీదే ఉండాలి.
గురి తేటగా, గాడి కొంచెం చెదిరినట్టు,
ఎదుటివాడు మసకగా.

"ఎదుటివాడు మసకగానా?"
"అవును."
"ఈ ఊళ్లో నాకు మొహం తెలియనివాళ్లు తక్కువ, డ్వేన్.
ఎవరి చొక్కాకి ఎన్నో గుండీ లేదో కూడా తెలుసు."

ముప్పయ్యేళ్లుగా చెబుతున్న పాఠం.
ఆ మాట దగ్గర ఎవరూ ఆగలేదు.
నేనూ ఆగలేదు.

బెత్తెడుదే తీసుకుంది.
సగం డబ్బు క్వార్టర్ల చుట్టలుగా ఇచ్చింది,
కాగితం ఇంకా వెచ్చగా ఉంది, డ్రయ్యర్ల పక్కన పెట్టినవేమో.

మార్చిలో మళ్లీ వచ్చింది.
"ముందు గురి తగులుకుంటోంది, కాస్త అరగదీయి."
సిలిండరు తెరిచాను. ఐదు తూటాలూ ఉన్నాయి.
గొట్టంలో తోసిన గుడ్డముక్క తెల్లగానే బయటికొచ్చింది.
నారింజ రంగు పెచ్చు లేచిన చోట మాత్రం
నీలం పోగు ఒకటి ఇరుక్కుని ఉంది.
కోటు అస్తరు నీలమే.

తీసింది, అయితే.
ఏదో ఒక రాత్రి తీసి, మళ్లీ లోపల పెట్టుకుంది.
గురి చూసిందో, మొహం చూసిందో
నేనడగలేదు.

పట్టకారుతో పోగు లాగి గాజుబల్ల మీద పెట్టాను.
కాసేపు ఇద్దరం దాన్నే చూశాం.
తర్వాత ఆకురాయి తీసుకుని
బుడిపె వెనకంచు నున్నగా దించాను,
ఇనుపరజను ఆమె మోచేతి మీద పడినా కదల్లేదు.
రంగు పూర్తిగా పోయింది.
సీసా మూత తిప్పి నా వైపు జరిపింది.

"అడుగున కొంచెమే ఉంది" అంది.