ఓదెలమ్మలో ‘ల’

బయానా ఇచ్చి ఏడు నెలలాయె.
పన్నెండు అట్టపెట్టెలు గోడ పొంటి,
సుతిలి కట్టి, మీద నా చేతిరాత:
వంటింటివి. బొంతలు. మిషిని సామాను.
మొదటి నెలల రొట్టెల పెనం కోసం ఒకటి విప్పిన.
చలి వెట్టినంక బొంతలు విప్పిన.
ఇప్పుడు బొంతలు అని రాసిన పెట్టెల
బియ్యం ఉన్నయి.

మేం కొనేది భీమారంల రెండర్రల ఇల్లు.
అమ్మే రాజమౌళి సారు మంచోడే,
"ఖాళీ చేస్త గని, నేను యాడికి పోవాలె?" అంటడు.
ఆయన పోవాల్సిన హంటర్ రోడ్డు ఫ్లాటుల
వైదేహి మేడం ఇంకా పూలకుండీలకు నీళ్లు పోస్తున్నది.
ఆమె పోవాల్సిన హుజురాబాదు ఇంట్ల
ఒకాయన బీరువా కూడ కదిలియ్యలే.
ఆయన చూపు జమ్మికుంట దిక్కు.
జమ్మికుంటల ఓదెమ్మ.

"లింకు డాక్యుమెంటుల ఓదెమ్మ,
ఆధారుల ఓదెలమ్మ.
బ్యాంకు లీగలు ఒప్పుకోదమ్మా" అన్నడు వకీలు,
అనుకుంట ఫైలు కట్టిండు,
అది కట్టే దారం మాత్రం ఎప్పుడూ కొత్తదే.

మా ఆయన కాజీపేటల పాయింట్స్‌మన్.
"ముందట బ్లాకు ఖాళీ కాకుంటే
డ్రైవర్ని తిట్టి ఏం ఫాయిదా" అంటడు,
అని కాళ్లు జాపుకుంటడు.
నాకు ఆ కాళ్ల మీదనే కోపం.
నా మెడల గొలుసు కుదువల ఉన్నది,
మేమందరం ఇంకో గొలుసుల ఉన్నం.
దానికీ వడ్డీ పెరుగుతున్నది.

ఇంతల ఓ పొద్దు గేటు కాడ ఒక పిల్ల,
చంకల కొడుకు.
మా కిరాయి ఇంటికి అడ్వాన్సు కట్టిందట,
మేం పోతే రావాలె.
"ఎప్పుడక్కా?" అన్నది.
"వచ్చే వారం" అన్న.
నా నోట్లె రాజమౌళి సారు మాట్లాడిండు.
ఆ రాత్రి నిద్ర రాలే.

జమ్మికుంటకు పుష్‌పుల్ ఎక్కిన.
తిట్లన్ని వరుసగ పేర్చుకున్న,
ఉప్పల్ అవుటర్ల అర్ధగంట ఆపితే
మళ్ల మొదటినుంచి పేర్చుకున్న.

ముసలామె అనుపకాయలు ఒలుస్తున్నది.
నన్ను సూడంగనే నా దిక్కు చాట జరిపింది.
రెండు దోసిళ్లు ఒలిచినంక అడిగిన:
"ఏది నిజం అవ్వా, ఓదెమ్మనా ఓదెలమ్మనా?"

"మా అవ్వ నన్ను పిల్లా అన్నది.
పెనిమిటి ఏందే అన్నడు.
పేరు అడిగిన మొదటోడు పట్వారి.
గట్టిగనే చెప్పిన బిడ్డా,
ఆయనకు ఎంత వినవడ్డదో
అంతే రాసుకున్నడు."

ఒక్క ‘ల’ వినవడక
ఐదు ఇండ్ల సామాను నడిమిట్ల నిలవడ్డది.
నా తిట్లు చాటల ఏడనో కలిసిపోయినయి,
పొట్టు ఏదో గింజ ఏదో.

ఇద్దరూ ఒక్కరేనని కాగితం రాపిచ్చినం.
ఏలిముద్ర ఏసి సిరా సూసుకున్నది:
"నేను నేనేనని చెప్పుటానికి
వంద రూపాల కాగితమా?"
అని ఆ ఏలును దర్వాజ చెక్కకు రుద్దింది,
అమ్మిన ఇంటి దర్వాజకు.

బేస్తారం స్లాటు దొరికింది.
బేస్తారం సర్వర్ పడుకున్నది.
మంగళారం అంటున్నరు,
మంగళారం మంచిది కాదని వైదేహి మేడం అంటున్నది.

నిన్న ఆ పిల్ల మళ్ల వచ్చింది.
"ఎప్పుడక్కా?"
"ఎరుకలేదు బిడ్డా" అన్న, ఈసారి,
"లోపలికి రా, చాయ తాగు."
చాయ మసలేలోపట
దాని కొడుకు పాకుకుంట పోయి
దేవుని అర్ర అని రాసిన ఖాళీ పెట్టెల
ఎక్కి కూసున్నడు.
తియ్యబోతే ఒకటే ఏడుపు.
ఉండనియ్యి, అంటిని.