మద్దతు లేదంట

పొద్దున్నే నా మొదటి పని
దానికి ఈ పొద్దు ఏ తేదీనో చెప్పడం.
లోపల బిళ్ల బ్యాటరీ చచ్చి మూడేండ్లు.
రాత్రి స్విచ్చి ఆపితే చాలు
పంతొమ్మిదివందల ఎనభై, జనవరి ఒకటికి పోయి పడుకుంటాది.
రోజూ చెయ్యి పట్టుకుని అక్కణ్ణించి
ఈ జూన్ ఎండలోకి నడిపించుకొస్తా.

బంగారుపాళ్యం రోడ్డులో మా వేబ్రిడ్జి.
ఇనప పలక మీద ఏ బండి నిలబడినా
ఆ బరువు చదవడం దానికొక్కదానికే వచ్చు.
తొమ్మిది సూదుల వైరు,
కొత్త లాప్‌టాప్‌కి ఆ బొక్కే లేదు.

మొన్న మంగళవారం
తెర మీద ఒక తెల్లగీత నిలిచి, వణికి,
ఆరిపోయింది.
బయట నలభై ట్రాక్టర్ల తోతాపురి.
కాయ లోపల్నించి కాగుతా ఉండాది.
అడుగు వరసల రసం కారి
తారు మీద ఈగలకు పండగ.

కంపెనీకి ఫోన్ చేసినా.
ఒకటి నొక్కమనె, నాలుగు నొక్కమనె,
నా కాల్ వాళ్ళకు చానా ముఖ్యమనె,
వీణ వాయించె.
పద్దెనిమిది నిమిషాలకు ఒక పిల్లోడు దొరికినాడు.
పాపం, మర్యాదస్తుడు.
వెనక అంటించిన చీటీలో నంబరు చదవమన్నాడు.
సగం అంకెలు ఏనాడో చెరిగిపోయినాయి,
ఊహించి చెప్పినా.
"ఆ మోడల్‌కు మద్దతు ముగిసింది సార్.
కొత్తది కొంటే రెండువేలు తగ్గిస్తాం."
ఎప్పుడు ముగిసిందంటే తేదీ కూడా చెప్పినాడు.
ఆ తేదీ తర్వాత ఇది ఎన్ని లోడ్లు తూచిందో
నేను చెప్పబోతే
లైను తెగింది.

కిటికీలో తలపెట్టి ఏకాంబరం,
"ఏమంటాండారబ్బా?"
"మద్దతు లేదంట."
"దానిక్కూడానా!"
పోయిన వారమే కలెక్టరాఫీసు ముందర
ఆ ఒక్క మాట కోసం
రెండు పొద్దులు ఎండలో కూచొని వచ్చినోడు.

సాయంత్రానికి చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి జిలానీ వచ్చినాడు,
గోనెసంచిలో చచ్చిన మిషన్ల గుండెకాయలు మోసుకొని.
నంబరు అడగలేదు.
మూత విప్పి వాసన చూసినాడు.
ఫ్యానులో బల్లిగుడ్ల పెంకులు ఊదినాడు.
నా కూతురి పెన్సిల్ రబ్బరు అడిగి
ఒక ముక్క పండ్లు తోమినాడు.
మూతబడిన ఏదో సినిమాహాలు టికెట్ల మిషన్‌ది
కరెంటు డబ్బా తెచ్చి తగిలించినాడు.
"ఎన్నాళ్ళు నడస్తాది?" అన్నా.
"నన్నెవరైనా ఆ మాట అడిగినారా?" అని
టీ ఊదుకుంటా కూచున్నాడు.

రాత్రి ఎనిమిదికి ఒకే ఒక్క బీప్.
నలభై ఇంజన్లు ఒక్కసారే దగ్గినాయి.
ఆ తొందరలో తేదీ చెప్పడం మరిచిపోయినా.

ఏకాంబరం చీటీని బల్బు కింద పెట్టి చదివినాడు.
నాలుగు టన్నుల రెండువందల పది.
జనవరి ఒకటి, పంతొమ్మిదివందల ఎనభై.
"ఈ తేదీకి మా నాయన బతికే ఉండాడే,
దుడ్లు ఆయన పేరున వేస్తారేమో అడగాల."
నవ్వినాడో లేదో చీకట్లో కనబడలేదు.
పెన్నుతో దిద్దబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు.
"ఉండనీ. బరువు సరిగ్గానే ఉండాది కదా."

వెనక బండి హారను కొట్టె.