ఉన్నది ఉన్నట్టుగా

వేలం ప్రకటనలో ఆ ఒక్క వాక్యమే లావుగా అచ్చేశారు:
ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోట ఉన్నట్టుగా.
పాతిక శాతం కట్టేశాం.
మిగతాదానికి పదిహేను రోజులు.

ఏడో రోజు, బోడుప్పల్, మూడో అంతస్తు.
బ్యాంకు సీలు చెక్కుచెదరలేదు.
తలుపు నెట్టగానే
ఇల్లు మమ్మల్ని చూసి నోరు తెరిచింది.
పళ్లు లేవు.

స్విచ్ బోర్డులున్న చోటల్లా నలుచదరపు గుంతలు.
వైర్లు లాగేసిన పైపులు గోడలోంచి
కుబుసాల్లా వేలాడుతున్నాయి.
వంటగట్టు మీద గ్రానైట్ లేదు.
కమోడ్ ఉంది గాని
దాని గొంతులో సిమెంటు గడ్డకట్టింది.

వాచ్‌మన్ సాయిలు నేల చూపులు చూశాడు.
"దొంగలు గాదమ్మా, పాత సారే.
వాష్ ఏరియా గ్రిల్లు కెళ్లి వచ్చిండు.
లోను పైసలయి ముట్టలే.
సొంతంగ పెట్టిచ్చుకున్నయే ఇప్పుకవోయిండు,
బిల్లు జూసుకుంట జూసుకుంట."
మరి సిమెంటు?
"అదొక్కటి... కోపం అమ్మా."

పాటకు ముందు చూడవచ్చిన రోజు ఫొటోలు
నా ఫోన్లో ఉన్నాయి.
అదే గోడ, ఫ్యాన్ తిరుగుతోంది.
అదే కుళాయి, కింద నీటి బొట్టు.
అంటే పోయినవన్నీ బ్యాంకు తాళం కిందే పోయాయి.
మా ఆయన మెట్ల మీద కూర్చుని
వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు.
ఆగితే కట్టింది పోతుంది.
కట్టేస్తే అడిగే నోరు పోతుంది.
ఇంకా ఎనిమిది రోజులు.

ఏమేం పోయాయో రాద్దామంటే కాగితం లేదు.
సజ్జ మీద చెయ్యి పెడితే దుమ్ములో ఒకటి దొరికింది:
ఉప్పల్ హార్డ్‌వేర్ షాపు పాత బిల్లు,
వస్తువు పక్కన వస్తువుకి బాల్‌పెన్ టిక్కులు.
గీజరు. సింకు. ఫ్యాన్లు మూడు.
చివర, కాలింగ్ బెల్ – మూడొందల యాభై.
దానికి మాత్రం టిక్కు లేదు.
బిల్లు తిప్పి, వెనక వైపు నా జాబితా రాశాను.
అవే వస్తువులు, కొత్త ధరలు.

మర్నాడు బ్యాంకులో వసుంధర మేడం
"ఉన్నది ఉన్నట్టుగా అని సంతకం చేశారు కదా" అన్నారు.
ఫోన్ ముందుకు జరిపాను.
తేదీ చూశారు. ఇంకోసారి చూశారు.
"అర్జీ ఇవ్వండి, పైకి పంపిస్తా.
తగ్గిస్తారని మాత్రం చెప్పలేను.
గడువు గడువే."

కాగితం అందుకుని అటు తిప్పారు.
చాలాసేపు చదివారు.
తర్వాత బంట్రోతును పిలిచి
మా వైపు మాత్రమే
జిరాక్స్ తీయించి, ముద్ర కొట్టారు.