ఏపీ పదహారు

ఆటోనగర్ నాలుగో అడ్డరోడ్డులో
లారీల వెనక అక్షరాలు రాసేవాణ్ణి.
ఇరవై ఆరేళ్లు.
'దూరం పాటించండి'లో సున్నాలు
నాకంటే గుండ్రంగా చుట్టేవాడు
బెజవాడలో లేడని మస్తాన్ మేస్త్రి అనేవాడు.
అనేవాడు.

ఇప్పుడు షెడ్డులో మిషనుంది.
నిన్నగాక మొన్నొచ్చిన ఇమ్మానియేలు
మీట నొక్కి టీ తాగొచ్చేలోపు
స్టిక్కరు తెగి పడుంటుంది.
గీత వణకదు, రంగు కారదు.
వాడు మంచివాడు కూడాను, అదీ నా బాధ.
"బాబాయ్, అంచులు నువ్వు చూడు" అంటాడు.
అంచుల్లో చూడ్డానికేం ఉండదు.

పటమట సందులో ఇల్లు. ఇంట్లో హైమావతి.
బస్టాండు విచారణ కిటికీలో కూర్చుని
మాచర్ల బస్సుకీ, మైలవరం బస్సుకీ,
మనవడు తప్పిపోయిన ముసలమ్మకీ
పొద్దంతా ఒకే గొంతుతో జవాబు చెప్పొచ్చిన మనిషి.
పోట్లాటకని మూడ్రోజులు మాటలు కూడబెడతానా,
"అన్నం చల్లారిపోతోంది" అంటుంది.
అంతే. కేసు కొట్టేశారు.

కూతురు పదో తరగతి.
నన్ను లెక్కలడగడం మానేసి ఏడాదైంది.
నొచ్చుకుంటానేమోనని
పుస్తకాల అట్టల మీద పేరు మాత్రం
నాచేతే రాయించుకుంటుంది.
అది జాలని నాకు తెలుసు.
నాకు తెలుసని దానికి తెలీదు.
ఈ ఇంట్లో నా చేతిలో మిగిలిన ముక్క అదొక్కటే.

కాదు, ఇంకోటుండేది.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
డాబా మీద, బందరు కాలవ దోమల మధ్య
కాస్త గొప్పకే పోయి అన్నాను:
"పెళ్లికి ముందు నీ పేరు లారీ మీద రాశా తెలుసా,
డీజిల్ ట్యాంకు పక్కన, చిన్నగా,
ఓనరుకి తెలీకుండా."
ఇన్నేళ్లూ దాచుకున్న తురుపు.

ఆవిడ చేతిలో విసనకర్ర ఆగలేదు.
"ఏపీ పదహారు. చివర తొంభై ఒకటి ముప్పై ఆరు.
'హై' కింద రంగు కారింది.
మంగళవారాలు మా గేటు దగ్గర ఆగేది.
మా రేషన్ షాపు బోర్డు రాసిన చెయ్యి
నాకు తెలీదనుకున్నావా?
తర్వాతేడు రంగు మార్పించారు.
ఆ రోజు నేను అన్నం తినలేదు."

రాసినవాణ్ణి నేను.
నాకా నెంబరు గుర్తే లేదు.

ఆవిడ నిద్రపోయాక
చెమట వేలితో పిట్టగోడ మీద
'హై' అని రాసి చూశాను.
చీకట్లో తడిమితే తెలిసింది,
ఇప్పుడూ కొంచెం కారింది.